నీళ్లు పోస్తున్నా మొక్క వాడిపోతోందా? ముందు వేర్ల ముద్ద నడిమి భాగం చూడండి

చలి తగ్గి ఎండ కాస్త పదునెక్కగానే తోటపనంతా ఒక్కసారే మీద పడుతుంది. కుండీలు మార్చాలి, కొమ్మలు కత్తిరించాలి, నారు పోయాలి, ఎరువు వేయాలి. ఇవన్నీ అయిన వారం పది రోజులకి మొదలయ్యే ప్రశ్న మాత్రం ఏటా ఒకటే: "రోజూ నీళ్లు పోస్తున్నాను, కింద నుంచి కారుతున్నాయి కూడా, అయినా మొక్క వాడిపోతోంది, ఎందుకు?" దానికి వచ్చే సలహాలూ మారవు. ఎరువు వేయండి, వేపనూనె కొట్టండి, నీడకి మార్చండి, నీళ్లు పెంచండి, కాదు తగ్గించండి. మట్టిలో వేలు పెట్టి చూశారా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే "పైన తడిగానే ఉందండీ" అంటారు. పైన తడిగానే ఉంటుంది, పొద్దున్నే కదా నీళ్లు పోశారు. లోపల ఎలా ఉందో చూడాలి.

ఏ మందూ కొట్టకముందు ఇవి చూడండి

మధ్యాహ్నం ఎండలో ఆకులు వేలాడటాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఎండ మండుతున్నప్పుడు ఆకుల నుంచి నీరు ఆవిరైపోయే వేగాన్ని వేర్లు అందుకోలేవు, అందుకే వంగ, మందార లాంటి పెద్ద ఆకుల మొక్కలు కాసేపు సొమ్మసిల్లి సాయంత్రానికి లేస్తాయి. తెల్లవారి చూసినప్పుడు కూడా వేలాడుతూనే ఉంటే అది సమస్య.

తర్వాత చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. ఒకసారి కుండీ అంచు దగ్గర, ఇంకోసారి కాండం మొదట్లో. ఈ రెండో చోటే అందరూ వదిలేస్తారు. వేలు దిగకపోతే సన్నని చెక్క పుల్ల గుచ్చి, కొన్ని నిమిషాలు ఉంచి తీయండి. తడిగా వస్తే పుల్ల రంగు ముదురుతుంది, మట్టి అంటుకుంటుంది. పొడిగా వస్తే గుచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే వస్తుంది.

కుండీని ఎత్తి చూడండి. నీళ్లు పోసిన గంటకి కూడా తేలిగ్గా ఉందంటే, పోసినవి లోపల నిలవలేదన్నమాట. అలాగే అడుగున చిల్లు తెరిచి ఉందో లేదో చూడండి, వేర్లు పెరిగి దాన్ని మూసేసి ఉండొచ్చు. కుండీ కింద పళ్లెం ఉంటే అందులో నీళ్లు నిలిచి ఉన్నాయేమో కూడా చూడాలి. ఇదంతా రెండు నిమిషాల పని.

అంచు దగ్గర తడి, కాండం దగ్గర పొడి

అందరినీ మోసం చేసేది ఇదే. నర్సరీ నుంచి వచ్చిన మొక్క చిన్న సంచిలోనో ప్లాస్టిక్ కుండీలోనో నెలల తరబడి పెరిగి ఉంటుంది. దాని వేర్లు గోడ వెంబడి చుట్లు చుట్లుగా తిరిగి గట్టి ముద్దగా అయిపోతాయి. ఆ ముద్దలో మట్టి తక్కువ, వేర్లే ఎక్కువ. కొన్నిసార్లు ఆ మట్టి కూడా తేలికపాటి పీట్ (చిత్తడి నేలల్లో పేరుకున్న నాచు పొడి) మిశ్రమం. పీట్ ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీటిని పీల్చుకోదు, మీద పోసిన నీళ్లు బొట్లు బొట్లుగా జారిపోతాయి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దానికంటే నయం, తొందరగానే మళ్లీ తడుస్తుంది, కానీ వేర్లు దట్టంగా అల్లుకున్న ముద్ద గట్టిపడ్డాక అదీ మొండికేస్తుంది. పైగా ఎండిన ముద్ద కుంచించుకుపోతుంది కాబట్టి దానికీ కుండీ గోడకీ మధ్య సన్నని సందు ఏర్పడుతుంది. మీరు పోసిన నీళ్లు ఆ సందు వెంట నేరుగా దిగి అడుగు చిల్లులోంచి బయటికి వచ్చేస్తాయి. కింద నుంచి కారుతున్నాయి కదా, బాగానే తాగింది అని మీరు అనుకుంటారు. మొక్కకి చుక్క అందదు.

కుండీ మార్చినప్పుడు ఈ వ్యవహారం ఇంకా ముదురుతుంది. ఎండిన ముద్దని అలాగే తీసి పెద్ద కుండీలో పెట్టి, చుట్టూ కొత్త మట్టి నింపి, నీళ్లు పోస్తాం. కొత్త మట్టి హాయిగా తడుస్తుంది, నడుమ ఉన్న పాత ముద్ద తడవదు. చుట్టూ వేసింది బరువైన తోటమట్టి అయితే మరీ కష్టం, ఆ సన్నటి రేణువుల మట్టి నీటిని తనలోనే గట్టిగా పట్టుకుంటుంది, పీట్ ముద్దలోకి వదలదు సరికదా దానిలో ఉన్న కాస్త తడిని కూడా లాక్కుంటుంది. వేర్లన్నీ ఇంకా పాత ముద్దలోనే ఉన్నాయి, కొత్త మట్టిలోకి పాకడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా మొక్క తడిమట్టి నడుమ కూర్చుని దాహంతో చస్తుంది. వేలు పెట్టి చూసినవాళ్లు కూడా అంచు దగ్గరే చూస్తారు, తడిగా ఉందని నీళ్లు ఆపేస్తారు, దాంతో మరో రెండు రోజుల్లో కథ ముగుస్తుంది. నేలలో నాటిన మొక్కలకీ ఇదే జరుగుతుంది, పాదు చుట్టూ బురదగా ఉన్నా నడుమ పిడికెడు చోట పొడి మట్టి.

చలికాలమంతా బాగానే ఉంది కదా, ఇప్పుడే ఎందుకు ఇలా అని అడుగుతారు. చలిలో మొక్కకి ఆకు తక్కువ, ఎండ తక్కువ, కాబట్టి అందిన కాస్త నీటితో నెట్టుకొస్తుంది. వసంతంలో కొత్త చిగుళ్లు వస్తాయి, పగళ్లు పొడుగవుతాయి, నీటి అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. వేర్ల ముద్ద మాత్రం అంతే ఉంటుంది. అంతకుముందు నుంచే ఉన్న లోపం ఇప్పుడు బయటపడుతుంది.

అనుమానం తీర్చుకోవాలంటే మొక్కని కుండీలోంచి బయటికి తీయాల్సిందే. చాలామంది ఇక్కడ భయపడతారు, భయపడకండి. కుండీని పక్కకి వంచి, కాండం మొదట్లో మట్టిని అరచేత్తో పట్టుకుని, అడుగున తట్టండి, జారి వస్తుంది. ముద్ద నడుమ బొటనవేలితో చీల్చి చూడండి. పైపొర నల్లగా తడిగా ఉండి, అరంగుళం లోపలికి వెళ్లేసరికి లేత గోధుమరంగులో పొడిపొడిగా రాలితే జబ్బు దొరికినట్టే. ఇక తెగుళ్ల గురించి వెతకడం ఆపేయండి.

ఎలా సరిచేయాలి

చిన్న, మధ్యరకం కుండీ అయితే కుండీతో సహా బకెట్‌లో దించండి, నీటిమట్టం కుండీ అంచుకి కాస్త కిందగా ఉండాలి. మట్టి మరీ తేలిక అయితే కుండీ పైకి లేస్తుంది, చేత్తో కాసేపు నొక్కి పట్టుకోండి. బుడగలు వస్తాయి. ముద్దలోని ఖాళీల్లో ఉన్న గాలిని తోసుకుంటూ నీరు లోపలికి వెళ్తోందని అర్థం. బుడగలు ఆగేదాకా ఉంచండి, మామూలుగా అరగంట నుంచి గంట. రాత్రంతా వదిలేయకండి, వేర్లకి గాలి కూడా కావాలి. తీశాక నీరంతా ఓడిపోయేదాకా పక్కన పెట్టి, రెండు మూడు రోజులు తీవ్రమైన ఎండ తగలని చోట ఉంచండి. వేర్లు బతికే ఉంటే మర్నాడు పొద్దుటికే ఆకులు లేస్తాయి. లేవగానే సంబరపడి ఎరువు వేయకండి.

ఎత్తలేనంత పెద్ద కుండీ అయితే సన్నని పుల్లతో పాత ముద్ద ఉన్న మేర, కాండానికి కాస్త ఎడంగా అక్కడక్కడా లోతుగా గుచ్చండి. ఒకటి రెండు వేర్లు తెగినా పర్వాలేదు. తర్వాత కొద్ది కొద్దిగా, కాండం మొదట్లోనే నీళ్లు పోయండి. ఒక మగ్గు పోసి పది పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఒక మగ్గు, అలా మూడు నాలుగు విడతలు. పైపు పెట్టి ఒకేసారి దంచేస్తే మళ్లీ అంచు వెంటే జారిపోతాయి. మర్నాడు పుల్ల గుచ్చి చూసుకోండి, ఇంకా పొడిగా ఉంటే మళ్లీ చేయండి. వేర్లు కొత్త మట్టిలోకి పాకేదాకా, అంటే మూడు నాలుగు వారాలపాటు, నీళ్లు కాండం మొదట్లోనే పోయాలి.

అసలు ఈ తలనొప్పే రాకూడదంటే కుండీ మార్చడానికి రెండు గంటల ముందు పాత కుండీలోనే మొక్కని ఇలా నానబెట్టండి. బయటికి తీశాక చుట్టలు చుట్టుకున్న వేర్లని చేత్తో విడదీయండి, రాకపోతే కత్తితో ముద్ద పక్కల మూడు నాలుగు చోట్ల నిలువుగా గాట్లు పెట్టండి. చాలామందికి చేతులు రావు, కానీ గాటు పెట్టని గట్టి ముద్ద ఏడాది తర్వాత తీసినా అదే ఆకారంలో రావచ్చు, వేర్లు బయటికి పెద్దగా పాకి ఉండవు. కొత్త కుండీ పాతదానికంటే రెండంగుళాలు వెడల్పుంటే చాలు. పైన ఒక అంగుళం ఖాళీ వదలండి, మట్టి అంచుదాకా నింపితే నీళ్లు ఇంకే లోపే పొర్లిపోతాయి.

కాండం దగ్గర కూడా బురదగా ఉంటే

అప్పుడు సమస్య తలకిందులు. వేర్లకి గాలి ఆడక కుళ్లుతున్నాయి, కుళ్లిన వేరు నీటిని తీసుకోలేదు కాబట్టి పైకి కనిపించే లక్షణం మాత్రం అదే, ఆకులు వాడటం. అందుకే చూడకుండా నీళ్లు పోయొద్దనేది. మొక్కని తీసి చూడండి. మంచి వేరు తెల్లగానో లేత పసుపుగానో గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమరంగుకి తిరిగి, వేళ్లతో లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మిగులుతుంది, వాసన కూడా వస్తుంది. కుళ్లినంత మేర కత్తిరించి, పైన కొమ్మలు కూడా కాస్త తగ్గించి, వదులైన మట్టిలో, మిగిలిన వేర్లకి సరిపడా చిన్న కుండీలో పెట్టండి. అడుగున రాళ్లు పరిస్తే నీరు బాగా పోతుందనే మాట నమ్మకండి. పైనున్న మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా నీరు రాళ్లలోకి దిగదు, పైగా వేర్లకి దక్కాల్సిన చోటు పోతుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్కో చిన్న వల ముక్కో మట్టి కారిపోకుండా ఉంటే చాలు.

ఆకుల అంచులు మాడుతున్నాయి

చాలావరకు ఎండిన ముద్ద మీద ఎరువు పడి ఉంటుంది. ఎరువుల్లోని లవణాలు వేర్లకి నీరు అందకుండా చేస్తాయి. మట్టిపైన, కుండీ అంచున తెల్లటి పొర కట్టి ఉంటే లవణాలు పేరుకున్నాయన్నమాట. పైపొర గీకి తీసేసి, నీళ్లు నిదానంగా ఎక్కువగా పోసి కిందికి వెళ్లిపోనివ్వండి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు మాట ఎత్తకండి. ఎప్పుడు వేసినా తడిమట్టి మీదే వేయాలి.

కత్తిరించాక చిగురు రావడం లేదు

కొమ్మ మీద గోటితో కొంచెం గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, ఓపిక పట్టండి. గోధుమరంగులో ఎండుగా ఉంటే పచ్చదనం కనిపించేదాకా కిందికి కత్తిరించుకుంటూ వెళ్లండి. చిగురు వచ్చినా పూలు లేవంటే, పాత కొమ్మ మీద పూసే మొక్కని పూతకి ముందే కత్తిరించి ఉంటారు, అలాంటివాటిని పూత అయ్యాకే ముట్టుకోవాలి. మందార, ఇప్పటి గులాబీల్లో ఎక్కువ రకాలు కొత్త కొమ్మల మీదే పూస్తాయి కాబట్టి వాటితో ఈ భయం లేదు.

నారు మొదట్లో సన్నబడి పడిపోతోంది

ఇది నారుకుళ్లు అనే తెగులు. పడిపోయినవి లేవవు. మిగిలినవాటిని పలచన చేసి, గాలి తగిలేలా పెట్టి, పైపొర ఆరాకే నీళ్లు ఇవ్వండి. మళ్లీ నారు పోసేటప్పుడు కొత్త మట్టి మిశ్రమం, కడిగిన ట్రేలు వాడండి. పడిపోకుండా సన్నగా సాగుతున్న నారుకి మాత్రం వెలుతురు చాలడం లేదు. అలాగని ఒకేసారి ఎండలో పెడితే ఆకులు తెల్లబడి కాలిపోతాయి, వారం పది రోజులపాటు రోజుకి కాస్త కాస్త పెంచుతూ అలవాటు చేయండి.

కొత్త చిగుళ్లు ముడుచుకుంటున్నాయి

ఆకు తిప్పి చూడండి. పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) ఉంటే కనిపిస్తుంది, చీమలు తిరుగుతుంటే ఇంకా సులువు. నీళ్లు జోరుగా కొట్టి కడిగేయండి, రెండు మూడు రోజులకోసారి కొన్నిసార్లు చేస్తే చాలావరకు పోతుంది. చిగురు చిగురుకీ మందు అక్కర్లేదు.

అరుదైనవి

వేరు పురుగు ఉంటే ముద్ద విప్పినప్పుడు తెల్లగా, వంకరగా కనిపిస్తుంది, ఏరేయండి. చిక్కుడు జాతివి కాని మొక్కల వేర్ల మీద ఉండలు ఉండలుగా బొడిపెలు ఉంటే నులిపురుగులు (మట్టిలో ఉండే నెమటోడ్లు), ఆ మట్టిని మళ్లీ వాడకండి. టమాటా, వంగ పచ్చగా ఉండగానే మొత్తం ఒక్కసారిగా వాలిపోయి, లోపలి తడి సరిగ్గానే ఉంటే, కాండాన్ని మొదట్లో కోసి ఆ ముక్కని గాజు గ్లాసులో కదలని నీటిలో, కోసిన కొన మాత్రం మునిగేలా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో కోసిన చోట నుంచి పాలలాంటి తీగలు కిందికి దిగితే బాక్టీరియా ఎండు తెగులు. దానికి మందు లేదు, మొక్కని పీకి పారేయండి, కంపోస్టులో వేయకండి, ఆ మట్టిలో మళ్లీ టమాటా, వంగ, మిరప పెట్టకండి.