రూకీ కార్డు ధర పడిపోతున్నప్పుడు అమ్మాలో ఉంచుకోవాలో తేల్చుకోవడం ఎలా?

ఆటగాడు బాగానే ఆడుతుంటాడు, జట్టు గెలుస్తూనే ఉంటుంది, అయినా అతని రూకీ కార్డు (ఆటగాడి తొలి సీజన్‌కు అతని బొమ్మతో వచ్చే సేకరణ కార్డు) ధర నెలనెలా దిగిపోతూ ఉంటుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. చాలా సందర్భాల్లో దీనికి కారణం మైదానంలో దొరకదు, మార్కెట్లో ఉన్న కార్డుల సంఖ్యలో దొరుకుతుంది. అందుచేత మీ దగ్గరున్న కార్డును అమ్మాలో వద్దో తేల్చుకోవాలంటే, స్కోర్ల కంటే ముందు లెక్కలు చూడాలి.

మొదట అసలు ధర ఎంతో తెలుసుకోండి. ఈబేలో అమ్మకందారులు అడుగుతున్న ధరలు పట్టించుకోదగినవి కావు. అమ్ముడైనవాటిని మాత్రమే చూపే ఫిల్టర్ పెట్టి, అదే సంవత్సరం, అదే సెట్, అదే కార్డు నంబరు, అదే పారలెల్ (అదే కార్డును రంగో మెరుపో మార్చి వేసిన రకం), అదే గ్రేడు (కార్డు నాణ్యతకు వేసే మార్కు, అన్నింటికంటే పైది 10) ఉన్న చివరి పది అమ్మకాలను తేదీలతో సహా రాసుకోండి. వాటిలో అన్నింటికంటే ఎక్కువ పలికినదాన్ని, అన్నింటికంటే తక్కువ పలికినదాన్ని పక్కన పెట్టి మిగిలినవాటి మధ్య విలువ తీసుకుంటే నమ్మదగిన అంకె వస్తుంది. ఒకచోట మాత్రం జాగ్రత్త అవసరం: బేరమాడి కొన్న కార్డు దగ్గర అడ్డంగా గీత కొట్టి కనిపించేది మొదట అడిగిన ధర, అసలు చెల్లించినది అంతకంటే తక్కువ. దాన్నే అమ్మకపు ధరగా తీసుకుని తమ కార్డుకు లేని విలువ కట్టుకున్నవారు చాలామంది ఉన్నారు.

తరువాత పాప్ రిపోర్ట్ తెరవండి. పీఎస్‌ఏ వంటి గ్రేడింగ్ సంస్థలు ఒక్కో కార్డుకు ఏయే గ్రేడు ఎన్నింటికి ఇచ్చాయో చూపే పట్టిక ఇది, ధర ఎటు పోతుందో చెప్పడంలో దీనికి మించిన ఆధారం లేదని నా అభిప్రాయం. అప్పర్ డెక్ కంపెనీ 1989 సెట్‌లో ఒకటో నంబరు కార్డుగా వచ్చిన కెన్ గ్రిఫీ జూనియర్ రూకీ కార్డును చూడండి. అతను 2016లో 99.3 శాతం ఓట్లతో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు, ఆటగాడిగా అంతకంటే చేయవలసింది ఏమీ లేదు. అయినా ఆ కాలంలో కార్డులను విపరీతంగా ముద్రించడం వల్ల 10 గ్రేడు వచ్చినవే నాలుగు వేలకు పైగా ఉన్నాయి, అంతకంటే తక్కువ గ్రేడు కాపీలు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయి.

కొత్తగా ముద్రించడానికి వీల్లేని పాత కార్డులు కూడా పడిపోయిన సందర్భం ఉంది. ఫ్లీర్ కంపెనీ 1986 సెట్‌లోని 57వ నంబరు మైకేల్ జోర్డన్ కార్డుకు 10 గ్రేడు వచ్చినవి మూడు వందలకు కాస్త పైన మాత్రమే. అది 2021 జనవరిలో 7,38,000 డాలర్లకు అమ్ముడై, మరుసటి ఏడాదికి సుమారు రెండు లక్షల స్థాయికి దిగింది. ధర ఆకాశాన్ని అంటినప్పుడు ఏళ్ల తరబడి దాచుకున్నవారు సైతం అమ్మకానికి ముందుకొస్తారు. కొత్త కార్డుల విషయంలో ఇది ఇంకా తీవ్రం. 2021 మార్చి చివర్లో కార్డులు వెల్లువలా రావడంతో పీఎస్‌ఏ చాలా సర్వీసులను తాత్కాలికంగా ఆపేసింది. అప్పటికే వచ్చి పడి ఉన్నవి గ్రేడు వేయించుకుని తిరిగి యజమానుల చేతికి అందేసరికి, ఒకే రకం కార్డులు వేలకొద్దీ మార్కెట్లోకి వచ్చాయి.

కాబట్టి ఈరోజు పాప్ అంకెను రాసుకుని, నెల తరువాత మళ్లీ చూడండి. అది ఇంకా వేగంగా పెరుగుతూ ఉంటే ధర పతనం ఆగలేదని అర్థం; పెరుగుదల నెమ్మదించి, అమ్మకాలు ఒకే ధర చుట్టూ తిరుగుతుంటే ధర దాదాపు అడుగుకు చేరిందనుకోవచ్చు. స్లాబ్ (గ్రేడు వేసిన కార్డును మూసి ఉంచే ప్లాస్టిక్ పెట్టె) పగలగొట్టి మళ్లీ గ్రేడింగ్‌కు పంపిన కార్డులు కొన్నిసార్లు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి గనుక ఆ అంకెను కొంచెం తగ్గించి చూసినా తప్పు లేదు.

ఆటగాడి సంగతి ఆ తరువాతే. బాస్కెట్‌బాల్ ఆటగాడు జయాన్ విలియమ్సన్ 2019 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటివాడిగా ఎంపికై, గాయం వల్ల తొలి సీజన్‌లో 24 మ్యాచ్‌లే ఆడాడు, 2021-22 సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. సంఖ్య ఎక్కువగా ఉన్న కార్డుకు గాయం తోడైతే కొనేవారు ఒక్కసారిగా మాయమవుతారు. దీనికి జవాబుగా కొందరు బేస్‌బాల్ ఆటగాడు మైక్ ట్రౌట్ 2009 బౌమన్ కంపెనీ కార్డు 2020 ఆగస్టులో 39 లక్షల డాలర్లకు పైగా పలికిన సంగతి చెబుతారు. అది సంతకంతో ఉన్న ఏకైక కాపీ. దాన్ని చూపించి వేలల్లో ముద్రించిన బేస్ కార్డును (సెట్‌లోని మామూలు రకం) దాచుకోవడం అర్థం లేని పని.

గ్రేడింగ్‌కు పంపే ముందు కాగితం మీద లెక్క వేయండి. ఉదాహరణకు 40 డాలర్లకు కొన్న కార్డుకు గ్రేడింగ్ ఖర్చు 25 అనుకుంటే పెట్టుబడి 65. 10 గ్రేడు వచ్చి 90కి అమ్మితే, 13 శాతం చొప్పున కమిషన్ 12, పంపే ఖర్చు 5 పోను 73 చేతికొస్తుంది, అంటే మిగిలేది 8. గ్రేడు 9 వచ్చి 45కే అమ్ముడైతే 31 నష్టం. పది కార్డుల్లో కనీసం ఎనిమిదింటికి 10 వస్తే తప్ప లాభం లేని ఈ వ్యాపారాన్ని చాలామంది లెక్క వేయకుండానే చేస్తుంటారు.

లెక్క కుదిరినా కార్డును ఒకసారి దగ్గరగా చూడాలి. స్లీవ్‌లోంచి (పలుచని ప్లాస్టిక్ తొడుగు) తీసి, అంచులు పట్టుకుని, టేబుల్ దీపం కింద కొద్దిగా వాల్చి నెమ్మదిగా తిప్పితే, నేరుగా చూసినప్పుడు కనిపించని సన్నని గీతలు మెరుపులో తేలతాయి. ప్రింటింగ్ గీత ఒక్కటి కనిపించినా, ఎడమ కుడి అంచుల వెడల్పులో తేడా కంటికి తెలిసేంత ఉన్నా గ్రేడింగ్ ఆలోచన మానుకుని, అలాగే రా కార్డుగా, అంటే గ్రేడు లేకుండానే అమ్మడం మేలు.

అమ్మదలచుకుంటే సీజన్ మొదలయ్యే వారాల్లోనో, ఆటగాడి పేరు వార్తల్లో ఉన్న రోజుల్లోనో అమ్మండి. ఆటలు లేని నెలల్లో వేలానికి పెడితే పోటీ పడేవారు తక్కువ. ఒకే కార్డు మూడు నాలుగు కాపీలు ఉంటే బేస్ కాపీలను ముందు వదిలించుకుని, మొత్తం ఎన్ని వేశారో, అందులో ఇది ఎన్నోదో నంబరు ముద్రించి ఉన్న పారలెల్‌ను ఉంచుకోండి. కమిషన్ పోను ఏమీ మిగలనివాటిని పదీ ఇరవై కలిపి ఒకే లాట్‌గా పెడితే కనీసం పోస్టు ఖర్చు ఆదా అవుతుంది. ఉంచుకునే ప్రతి కార్డునూ స్లీవ్‌లో వేసి టాప్‌లోడర్‌లో (గట్టి ప్లాస్టిక్ కవరు) పెట్టి, కొన్న తేదీ, ధర, ఆనాటి పాప్ అంకె ఒక చీటీ మీద రాసి వెనక అంటించండి.