అపార్ట్‌మెంట్ గ్రూపులో నోరు పారేసుకునేవారితో ఎలా నెగ్గుకురావాలి

విజయవాడ పటమటలోనో భవానీపురంలోనో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు అనుకోండి. సెల్లార్‌లో బండి అడ్డంగా పెట్టారని రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో మొదలైన మాట పదకొండుకల్లా అమ్మానాన్నల దాకా పోతుంది. అడ్మిన్‌కి చిర్రెత్తి ఆ మనిషిని గ్రూపులోంచి తీసేస్తారు. పొద్దున్నే లిఫ్ట్‌లో ఆయనే ఎదురవుతాడు, గొడవ అక్కడ కొనసాగుతుంది.

అందుకే ముందు నియమాలు ఉండాలి. జనరల్ బాడీలో పెట్టి మినిట్స్ బుక్‌లో రాయించండి. 'మర్యాద పాటించండి' అని రాస్తే ఎవరి మర్యాద వాళ్లదే. బూతు, కులం పేరుతో తిట్టడం, బెదిరింపు, అడగకుండా ఆడవాళ్ల ఫొటో పెట్టడం, మెయింటెనెన్స్ కట్టనివారి బాకీల జాబితా గ్రూపులో పెట్టడం అని విడివిడిగా రాయాలి. బాకీల జాబితా ఎందుకంటే, చాలా గొడవలకి అగ్గిపుల్ల గీసేది కమిటీయే. అడ్మిన్లు ముగ్గురైనా ఉండాలి. ఒకరు కమిటీ బయటివారు, ఒకరు మహిళ అయితే మంచిది. ఫిర్యాదు సెక్రటరీ మీదే వస్తే వినేవాళ్లుండాలి కదా.

తిట్టు పడగానే డిలీట్ నొక్కకండి. ఎక్కువమంది చేసే తప్పు ఇదే, సాక్ష్యం పోతుంది. తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. నంబరు సేవ్ చేసుకుని ఉంటే స్క్రీన్‌షాట్‌లో పేరే పడుతుంది, కాబట్టి ప్రొఫైల్ తెరిచి నంబరుతో ఇంకోటి తీయాలి. తర్వాత చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, అప్పుడు 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కండి. మిగతావాళ్లూ రెచ్చిపోతుంటే పొద్దుటిదాకా అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చి ఒక్క ముక్క రాసి ఊరుకోండి.

తర్వాత తిట్టినవారికి ఫోన్ చేయండి, రాయకండి. రాసిన మందలింపు పది గ్రూపులకి ఫార్వర్డ్ అవుతుంది. "పార్కింగ్ సంగతి ఆదివారం కమిటీలో తేల్చుకుందామండీ. ఆ మాట మాత్రం తీసేశాం. మళ్లీ వస్తే వారం పాటు గ్రూపులో ఉండరు." ఇంతే. పార్కింగ్‌లో తప్పెవరిదో ఆ ఫోన్‌లో తేల్చబోతే ఫోన్ చేసిన పని చెడుతుంది.

రెండోసారికి ఏడు రోజులు తీసేయండి. వాట్సాప్ తనంతట తాను తిరిగి చేర్చదు. తేదీ రాసుకుని మీరే చేర్చాలి, మరిచిపోతే కక్ష కట్టారంటారు. మూడోసారి అయితే నిర్ణయం జనరల్ బాడీది. భార్య నంబరుతోనో కొడుకు నంబరుతోనో మళ్లీ రాస్తారు, కాబట్టి నిషేధం ఫ్లాటుకి పెట్టండి. ఇన్వైట్ లింక్ రీసెట్ చేసి, కొత్తవారిని అడ్మిన్ అనుమతిస్తేనే చేరేలా మార్చండి.

నీళ్లు, లిఫ్ట్, కరెంటు కబుర్లకి మాత్రం అడ్మిన్లే రాసే వేరే గ్రూపు ఉండాలి, అందులోంచి ఎవర్నీ తీయకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పటిలాంటి పరిస్థితిలో తిట్టినవాడికీ కబురు అందాలి.

ఈ మెట్లేవీ వర్తించనివి కొన్ని ఉన్నాయి. చంపుతానన్న బెదిరింపు, ఒకామెకి విడిగా పంపిన అసభ్య మెసేజ్, మార్ఫింగ్ ఫొటో, వెంటపడటం. వీటికి కమిటీ రాజీ కుదర్చకూడదు. బాధితురాలు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోగానీ పోలీస్‌స్టేషన్‌లోగానీ ఫిర్యాదు ఇవ్వాలి. ఇప్పటికిప్పుడు ప్రమాదం ఉంటే 112కి ఫోన్ చేయాలి. 1930 సైబర్ హెల్ప్‌లైన్ నంబరు ప్రధానంగా డబ్బు మోసాలకి. భారతీయ న్యాయ సంహితలో వెంటపడటానికి 78, మహిళను అవమానించే మాటలకి 79, బెదిరింపుకి 351 సెక్షన్లు ఉన్నాయి. మెసేజ్ వచ్చిన అసలు ఫోన్‌ని రీసెట్ చేయకుండా, మార్చేయకుండా ఉంచాలి, స్క్రీన్‌షాట్ కంటే అది గట్టి ఆధారం. వాట్సాప్‌లో రిపోర్ట్ నొక్కితే ఆ నంబరు నుంచి వచ్చిన చివరి అయిదు మెసేజ్‌లు కంపెనీకి వెళతాయి, పంపినవాడికి తెలియదు.

గ్రూపులో ఎవరో ఒకరు "66ఏ కింద కేసు వేస్తా" అంటూనే ఉంటారు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర మెసేజ్‌ల మీద ఐటీ చట్టంలో ఉన్న ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యత రాదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అడ్మినే ఆ మెసేజ్‌ని మళ్లీ ఫార్వర్డ్ చేస్తే సంగతి వేరు.