రాయగడ, గుణుపూర్ వైపు మూవ్‌ఇట్ 2 బిల్డ్ ఆగిపోతే: సమస్య - పరిష్కారం

రోబో చేయి ఎటునుంచి ఎటు కదలాలో లెక్కకట్టే మూవ్‌ఇట్ 2ని వాడుకోవడమే మీ పనైతే సోర్స్ నుంచి బిల్డ్ చెయ్యక్కర్లేదు, అంటే కోడు దించుకుని మీ మెషీన్‌లోనే ప్రోగ్రాముగా తయారు చేసుకోనక్కర్లేదు. ఉబుంటులో ప్యాకేజీలు దించే ఆప్ట్ కమాండుతో సిద్ధంగా ఉన్న ప్యాకేజీ దిగుతుంది. లోపలి కోడు మార్చాలన్నప్పుడే ఈ శ్రమ. దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఈ పనికి దిగినవాళ్లు ముందు అనుమానించాల్సింది కోడుని కాదు. కరెంటు, ర్యామ్, నెట్, గడియారం చూడండి.

స్క్రీన్ మీద చివరి లైను పట్టుకుని వెతకొద్దు. ఫెయిలైన ప్యాకేజీ పేరు రాసుకోండి. లాగ్ ఫోల్డర్‌లోని లేటెస్ట్ బిల్డ్‌లో ఆ పేరుతోనే ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఎర్రర్లు నమోదయ్యే ఎస్‌టీడీఎర్ర్ లాగ్ తెరిచి మొట్టమొదటి ఎర్రర్ చదవండి. దాని కింద ఉన్నవి చాలావరకు దాని పిల్లలే.

రాస్ హంబుల్ ప్యాకేజీ దొరకడం లేదని ఆప్ట్ అంటుంది

ఉబుంటు వెర్షన్ చూడండి. మూవ్‌ఇట్ 2 నడిచేది రాస్ 2 అనే రోబో సాఫ్ట్‌వేర్ మీద. దాని వెర్షన్లలో హంబుల్ ఉబుంటు 22.04కి, జాజీ 24.04కి. మూవ్‌ఇట్ సోర్స్ బ్రాంచి కూడా రాస్ వెర్షన్‌కి సరిపోయేదే తీసుకోవాలి. హంబుల్ మీద మెయిన్ బ్రాంచి బిల్డ్ చెయ్యబోతే ఎక్కడో ఒకచోట తన్నేస్తుంది.

బ్రౌజర్‌లో గిట్‌హబ్ తెరుచుకుంటుంది, రాస్‌డెప్ అప్‌డేట్ మాత్రం టైమౌట్

బిల్డ్‌కి కావాల్సిన ఇతర ప్యాకేజీలు వెతికిపెట్టే రాస్‌డెప్ తన జాబితాలు తెచ్చుకునేది రా డాట్ గిట్‌హబ్‌యూజర్‌కంటెంట్ డాట్ కామ్ నుంచి. కొన్ని మొబైల్ నెట్‌వర్కుల డీఎన్ఎస్‌కి (సైటు పేరుని నంబరు అడ్రసుగా మార్చేది) ఆ అడ్రసు దొరకదు. వైఫై సెట్టింగుల్లో డీఎన్ఎస్‌ని 1.1.1.1 లేదా 8.8.8.8కి మార్చి మళ్లీ నడపండి. సిగ్నల్ బలహీనంగా ఉండి గిట్‌తో కోడు దించే క్లోన్ మధ్యలో "ఎర్లీ ఈఓఎఫ్" వస్తే పాత చరిత్రంతా దించకుండా డెప్త్ 1తో క్లోన్ చెయ్యండి.

"కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్"

8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో ఇది తరచూ వచ్చేదే. కొన్నిసార్లు ఎర్రర్ కూడా రాకుండా టెర్మినల్ విండోయే మాయమవుతుంది. రెండింటికీ కారణం ర్యామ్ చాలకపోవడమే. సిస్టమ్ లాగ్ చూపించే డీమెసేజ్ కమాండులో "ఔట్ ఆఫ్ మెమరీ" అని ఉంటే ఇక సందేహం లేదు.

రాస్ 2 బిల్డ్ నడిపే టూలు కోల్కన్ మామూలుగా ప్రాసెసర్ కోర్‌కి ఒకటి చొప్పున ప్యాకేజీలు మొదలుపెడుతుంది, ఒక్కో ప్యాకేజీ మళ్లీ కోర్‌కి ఒక ఫైలు చొప్పున కంపైల్ చేస్తుంది. 4 కోర్లుంటే లెక్క ప్రకారం ఒకేసారి 16 ఫైళ్ల దాకా వెళ్లొచ్చు. సీ++ టెంప్లేట్లు దట్టంగా ఉన్న ఫైలు ఒక్కటే 1 జీబీ పైన తినగలదు.

ప్యాకేజీలు ఒకదాని తర్వాత ఒకటి నడిచేలా కోల్కన్ ఎగ్జిక్యూటర్‌ని సీక్వెన్షియల్ చెయ్యండి. ఒకేసారి ఎన్ని ఫైళ్లో చెప్పే మేక్‌ఫ్లాగ్స్‌లో జె విలువ 2 పెట్టండి, అప్పటికీ ఆగితే 1. బిల్డ్ టైప్ రిలీజ్ ఇవ్వండి. పైగా ర్యామ్ చాలనప్పుడు డిస్కుని వాడుకునే స్వాప్ ఫైలు 8 జీబీది చేర్చండి: ఫాలొకేట్‌తో ఫైలు, సీహెచ్‌మాడ్ 600, మేక్‌స్వాప్, స్వాప్‌ఆన్, ఈ వరుసలోనే. ఉబుంటు ముందే ఒక స్వాప్‌ఫైల్ పెట్టి ఉండొచ్చు, కొత్తదానికి వేరే పేరు ఇవ్వండి. తర్వాత అదే కమాండు మళ్లీ నడిపితే చాలు, పూర్తయిన ఫైళ్లు తిరిగి కంపైల్ కావు.

కరెంటు పోయి వచ్చాక "ఫైల్ ట్రంకేటెడ్" లేదా "ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్"

వైశాఖంలో గాలివాన లేచిందంటే డెస్క్‌టాప్ మీద బిల్డ్ చేసేవాళ్లకి ఇది తప్పదు. డిస్కు మీదికి పూర్తిగా చేరకముందే కరెంటు పోతే కంపైలర్ తయారుచేసిన డాట్ ఓ ఫైలు పేరు మిగులుతుంది, లోపల ఏమీ ఉండదు. టైము మాత్రం కొత్తది. కంపైల్ నడిపే మేక్ చూసేది టైమునే కాబట్టి ఆ ఖాళీ ఫైలు బాగానే ఉందనుకుని, ఆ ముక్కల్ని కలిపే లింకర్‌కి ఇచ్చేస్తుంది. ఎన్నిసార్లు నడిపినా అదే ఎర్రర్ రావడానికి కారణం ఇదే.

ఫైండ్‌తో బిల్డ్ ఫోల్డర్‌లో సైజు 0 ఉన్న డాట్ ఓ ఫైళ్లు వెతకండి. అవి ఏ ప్యాకేజీవో ఆ ప్యాకేజీ ఫోల్డర్‌ని బిల్డ్, ఇన్‌స్టాల్ రెండింట్లోనూ తీసేసి, కోల్కన్ ప్యాకేజెస్ సెలెక్ట్ ఆప్షన్‌తో దాన్నొక్కదాన్నే బిల్డ్ చెయ్యండి. మొత్తం వర్క్‌స్పేస్ చెరిపి గంటలు పోగొట్టుకోవద్దు.

"క్లాక్ స్క్యూ డిటెక్టెడ్", ఆప్ట్‌లో "నాట్ వాలిడ్ యెట్"

కంప్యూటర్ గడియారం వెనకబడింది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది, మల్టీమీటర్‌లో 2.7 కన్నా తక్కువుంటే మార్చేయండి. రాస్‌ప్బెర్రీ పై 4 అనే చిన్న బోర్డు కంప్యూటర్‌లో అయితే గడియారం చిప్పే లేదు, నెట్ తగిలి టైము సరయ్యేదాకా బిల్డ్ మొదలుపెట్టకండి. టైము సరిచేశాక సోర్స్ ఫైళ్లన్నిటికీ ఒకసారి టచ్ కమాండు నడపండి, వాటి టైము కొత్తదవుతుంది.

ఫోల్డర్ పేర్లలో ఒడియా అక్షరాలు

ఉబుంటుని ఒడియాలోనో తెలుగులోనో ఇన్‌స్టాల్ చేస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లకి ఆ భాషలోనే పేర్లు పడొచ్చు. కొన్ని బిల్డ్ స్క్రిప్టులు ఆ ఫోల్డర్ దారిని సరిగా చదవలేవు, పేరులో ఖాళీ ఉన్నా అంతే. మీ బిల్డ్ జరిగే వర్క్‌స్పేస్ ఫోల్డర్‌ని హోమ్ కిందే చిన్న ఇంగ్లిష్ పేరుతో పెట్టుకోండి.

బిల్డ్ పూర్తయింది, రాస్ 2 రన్ మాత్రం మీరు మార్చిన ప్యాకేజీని చూడదు

ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోని సెటప్ డాట్ బాష్‌ని ఆ టెర్మినల్‌లో సోర్స్ కమాండుతో నడపలేదు. కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ చెయ్యాలి. ఆప్ట్ ద్వారా వచ్చిన మూవ్‌ఇట్ కూడా అదే మెషీన్‌లో ఉంటే ఎర్రర్ ఏమీ రాదు, పాతదే నడుస్తుంది. రాస్ 2 ప్యాకేజ్ ప్రిఫిక్స్ కమాండు మీ వర్క్‌స్పేస్ దారి చూపిస్తోందో లేదో చూశాకే టెస్టు మొదలుపెట్టండి.