మళ్లీ క్రాష్ చేయించే ముందు

రప్పించినప్పుడల్లా వచ్చే లినక్స్ కెర్నల్ పానిక్ (సిస్టమ్‌ను నడిపే కెర్నల్ ఇక సాగలేక ఆగిపోవడం) దొరకడం అదృష్టమే. నెలకోసారి కనబడి మాయమయ్యేదానికంటే ఎంతో నయం. కానీ అనుమానం డిస్కు మీదుంటే, రప్పించిన ప్రతిసారీ అందులోని డేటాను పణంగా పెట్టినట్టే. పైగా చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. కరెంటు రెప్పపాటు పోయి వచ్చిందంటే, ఆ రీబూట్ పానిక్ వల్లో కరెంటు వల్లో తేలదు. ఈ ఏర్పాట్లు వానలకు ముందే చేసుకోండి.

ముందు కాపీ. డిస్కును మౌంట్ చేయకుండా, అంతకంటే పెద్ద డిస్కులోకి డీడీరెస్క్యూ అనే టూల్‌తో ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) తీయండి. మ్యాప్ ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైల్) తప్పక ఇవ్వండి, మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచి సాగుతుంది. రీడ్-ఓన్లీగా మౌంట్ చేశాం కదా అని ధీమా వద్దు. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అప్పుడు కూడా పెండింగ్ జర్నల్‌ను (ఇంకా పూర్తికాని మార్పుల చిట్టాను) డిస్కు మీద రాసేస్తుంది. నోలోడ్ ఆప్షన్ ఇవ్వాలి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌కైతే నోరికవరీ. ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే టూల్) నడిపేది ఇమేజ్ కాపీ మీదే. లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను నమ్మకండి, రీబూట్‌తో తారుమారవుతాయి. సీరియల్ నంబరు చూసుకుని పని మొదలుపెట్టండి.

ఇక లాగ్. డిస్కే పడిపోయాక చివరి లైన్లు ఆ డిస్కు మీదకు ఎలా చేరతాయి? నెట్‌కన్సోల్ (కెర్నల్ లాగ్‌ను నెట్‌వర్క్ మీద పంపేది) పెట్టి పక్క మెషీన్‌కు యూడీపీ 6666 పోర్టు మీద పంపండి. వైఫై కాదు, కేబుల్ ఈథర్నెట్. కన్సోల్ లాగ్ లెవెల్ 8 చేయకపోతే కొన్ని లైన్లు రాకపోవచ్చు. చాలామంది మరిచేది నెట్‌వర్క్ స్విచ్‌ను. మెషీన్లు రెండూ యూపీఎస్ మీద, స్విచ్ మాత్రం గోడ ప్లగ్గులో ఉంటుంది. దాన్ని కూడా యూపీఎస్‌కే తగిలించి, పక్కన 'ఆపొద్దు' అని తెలుగులోనూ తమిళంలోనూ రాసి అతికించండి. నెట్‌కన్సోల్‌కు బదులు సీరియల్ కన్సోల్ (సీరియల్ పోర్టు మీద లాగ్ పంపడం) అయితే వేగం 115200 బాడ్. 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్‌ను 9 పిన్నుల ఆర్‌ఎస్-232 పోర్టుకు నేరుగా కలపకండి, చిప్ కాలిపోతుంది.

కేడంప్ (క్రాష్ అయినప్పుడు ఇంకో చిన్న కెర్నల్ లేచి మెమరీని డంప్‌గా దాచేది) కోసం క్రాష్‌కెర్నల్ కింద 256 ఎంబీ మెమరీ కేటాయించి మొదలుపెట్టండి. డంప్‌ను ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా బయటి మెషీన్‌కే పంపాలి. లోపలి డిస్కుకు రాయాలంటే, క్రాష్ కెర్నల్ కూడా అదే కంట్రోలర్‌ను లేపాలి మరి! డేటా డిస్కులు అన్‌మౌంట్ చేసి, సిస్‌ఆర్‌క్యూ సీతో (కావాలనే క్రాష్ చేయించే కెర్నల్ ఆదేశం) ఒకసారి క్రాష్ చేయించి డంప్ చేరిందో లేదో చూడండి.

కెర్నల్ బగ్ అనేముందు ట్యూన్2ఎఫ్‌ఎస్ టూల్‌తో ఎర్రర్స్ బిహేవియర్ (ఈఎక్స్‌టీ4లో తప్పు కనబడితే ఏం చేయాలన్న సెట్టింగ్) చూడండి. అక్కడ పానిక్ అని ఉంటే కెర్నల్ చెప్పినట్టే చేసింది, అందులో దాని తప్పేం లేదు. సిస్టమ్ ఉన్న రూట్ డిస్కు మాయమై ఇనిట్ (అన్నిటికంటే ముందు మొదలయ్యే ప్రాసెస్) చచ్చిపోయినా పానిక్కే. అప్పుడు వెతకాల్సింది పానిక్‌ను కాదు, దానికి ముందు డిస్కు ఎందుకు పోయిందో.

ప్రతి పరీక్షకు ముందూ తర్వాతా డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఉంచుకునే స్మార్ట్ లెక్కల్లో 5 (మార్చేసిన చెడు సెక్టార్లు), 197 (చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు), 199 (కేబుల్ మీద డేటా తేడాలు) విలువలు కాగితం మీద రాయండి. 199 సున్నాకు తిరిగి రాదు, కాబట్టి ఎంత ఉందన్నది కాదు, ఎంత పెరిగిందన్నదే లెక్క. లాగ్‌లో 'హార్డ్ రీసెట్టింగ్ లింక్' పడుతూ 199 పెరిగితే ముందు సాటా కేబుల్‌ను అనుమానించండి. 197 పెరిగితే డిస్కులోనే చదవలేని సెక్టార్లున్నాయి. రిచీ స్ట్రీట్‌లో (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) కొత్త కేబుల్ కొని వేశాక క్రాష్ ఆగిందా? పాతదే మళ్లీ తగిలించండి. క్రాష్ తిరిగి వస్తేనే కేబుల్ దోషం. రాకపోతే, తీసి పెట్టడంతో కనెక్టర్ సరిగ్గా కూర్చుందన్నమాట. కేబుల్, పోర్టు, పవర్ వైరు మూడూ ఒకేసారి మార్చారా, ఆ సాయంత్రం వృథా.

డిస్కు ఎన్‌వీఎంఈ (పీసీఐఈ బస్సు మీద నడిచే ఎస్‌ఎస్‌డీ) అయి, లాగ్‌లో సీఎస్‌టీఎస్ (కంట్రోలర్ స్థితి) విలువ వరసగా అన్నీ ఎఫ్‌లే వస్తే, పరికరం పీసీఐఈ బస్సు మీద జవాబివ్వడం లేదు. పీసీఐఈ ఏఎస్‌పీఎం (లింక్ కరెంటు ఆదా) ఆఫ్ చేసి ఒకసారి, ఎన్‌వీఎంఈ పవర్ సేవింగ్ లేటెన్సీ పరిమితి సున్నా చేసి ఇంకోసారి చూడండి.

ఏసీ గదిలోని డిస్కును వాన రోజు బయటికి తీస్తే చెమ్మ పడుతుంది. బిగించిన కవరులోనే ఉంచి, బయటి వేడికి వచ్చాకే విప్పండి.

పాత కెర్నల్ వెర్షన్‌లో రాని క్రాష్ కొత్తదానిలో వస్తుంటే గిట్ బైసెక్ట్ (మధ్యలోని మార్పులను సగం సగం చేస్తూ, ప్రతిదాన్నీ 'గుడ్' లేదా 'బ్యాడ్' అని చెబుతూ, తప్పు చేసిన మార్పును పట్టుకోవడం). రెండు వరస రిలీజుల మధ్య పది వేలకు పైగా కమిట్లు (కోడ్ మార్పులు) ఉంటాయి, అంటే ఇంచుమించు 14 బిల్డులు. ఒక్కచోట పొరపాటున 'గుడ్' అన్నా మిగతావన్నీ దారితప్పుతాయి. కేబుల్ మార్చకుండా, కాపీ డిస్కు మీద, కొత్త వెర్షన్‌లో మూడుకు మూడుసార్లూ క్రాష్ వచ్చేదాకా బైసెక్ట్ మొదలుపెట్టకండి.