దంపతులు గైడు తోడుగా రోళ్లపాడు, నల్లమల జింకల యాత్రకు వెళ్లాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

అమెరికాలోని టెక్సాస్‌లో మన కృష్ణజింకలున్నాయి. 1930ల్లో వాటిని అక్కడి పశుక్షేత్రాల్లో వదిలారు. ఇప్పుడు లైసెన్సు తీసుకుని, డబ్బు కట్టి, గైడును వెంటబెట్టుకుని వాటిని వేటాడే వాళ్లున్నారు. ఆలుమగలు కలిసి వెళ్లే ప్యాకేజీలూ ఉన్నాయి. ఆ వీడియోలు చూసి, కర్నూలు వైపు కూడా పర్మిట్ తీసుకుని ఇలా వెళ్లొచ్చా అని అడిగేవాళ్లున్నారు. వెళ్లకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, దానిమీద రూ.25 వేలకు తగ్గని జరిమానా. సరదా వేటకు మన దేశంలో పర్మిట్ అనేదే లేదు. ఇప్పిస్తానని ఎవరైనా అంటే మిమ్మల్ని కేసులోకి లాగుతున్నట్టే.

తుపాకీ మాట పక్కనపెడితే, వేటలో ఉండే ఆనందమంతా ఇక్కడ దొరుకుతుంది. తెల్లవారకముందే లేవడం, గాలివాటం చూసుకోవడం, అడుగుజాడలు గుర్తుపట్టడం, ఊపిరి బిగబట్టి ఎదురుచూడడం అన్నీ ఉంటాయి. కింద చెప్పినది ఒక రాత్రి, రెండు పగళ్ల ప్లాను. మొదటి సాయంత్రం రోళ్లపాడు గడ్డిమైదానంలో కృష్ణజింకలు, రాత్రి నల్లమల అంచున బైర్లూటిలో బస, మర్నాడు పొద్దున్నే అడవిలో దుప్పులు (చుక్కల జింకలు), కణితులు (సాంబార్ జింకలు). ఈ రెండు చోట్లూ ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చాయి గానీ, దారి మాత్రం కర్నూలు నుంచే తేలిక.

1. ముందు తేదీ, తర్వాతే మిగతావన్నీ

చాలామంది పెళ్లిరోజును బట్టి తేదీ పెట్టుకుంటారు. పెళ్లిరోజు మే నెలలో వస్తే కర్నూలు ఎండలో మధ్యాహ్నమంతా గదిలోనే గడిచిపోతుంది, జింకలు కూడా నీడ వదిలి రావు. కాబట్టి వేడుకను నాలుగు నెలలు అటూ ఇటూ జరుపుకున్నా పర్వాలేదు, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న రోజులే ఎంచుకోండి. ఆ నెలల్లో రోళ్లపాడుకు చలిదేశాల నుంచి హారియర్ గద్దలు వలస వస్తాయి. పొద్దుగూకే వేళ అవి గడ్డిలోకి దిగి రాత్రికి నేలమీదే పడుకుంటాయి. జింకల కోసం వెళ్లినవాళ్లకు ఇది కొసరు.

మగజింకల పోట్లాటలు చూడాలనుంటే మార్చి మొదటి, రెండో వారాలు మంచివి. జత కట్టే కాలం అప్పుడే ఊపందుకుంటుంది, ఎండలు ఇంకా ముదరవు. అయితే మహాశివరాత్రికి, ఉగాదికి ముందు వారం పది రోజులు వదిలేయండి. కర్ణాటక నుంచి శ్రీశైలానికి కాలినడకన వెళ్లే భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా ఈ అడవిలోనే నడుస్తారు. దారి పొడుగునా సందడి ఉంటుంది, జంతువులు లోపలికి సర్దుకుంటాయి. ఇక వానాకాలంలో, సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు వరకు, నల్లమలలోని పులుల అభయారణ్యంలో సఫారీ ఆపేస్తారు.

శని, ఆదివారాలు తప్పించి మంగళ, బుధవారాల్లో వెళ్తే జీపులు తక్కువగా ఉంటాయి, గైడు కూడా తీరిగ్గా మాట్లాడతాడు.

2. బస, అనుమతి, గైడు

బైర్లూటిలో అటవీశాఖ ఆధ్వర్యంలో జంగిల్ క్యాంపు ఉంది. కాటేజీలు, టెంట్లు రెండూ ఉన్నాయి. మూడు నాలుగు వారాల ముందే బుక్ చేసుకోండి. ధరలు మారుతూ ఉంటాయి కనుక అంకె అడిగి ఊరుకోకండి. ఆ అంకెలో ఇద్దరి భోజనాలు, సఫారీ, గైడు ఛార్జీ, కెమెరా రుసుము కలిశాయా, జీపు మీ ఇద్దరికేనా, వేరేవాళ్లతో కలిపి ఎక్కిస్తారా అన్నవి విడివిడిగా అడగండి. జంటగా వెళ్లేవాళ్లకు చివరి ప్రశ్న ముఖ్యం. ఎనిమిది మంది ఎక్కిన జీపులో నిశ్శబ్దం దొరకదు. అదనంగా కట్టి జీపు మొత్తం మీరే తీసుకోగలిగితే, ఈ యాత్రలో అంతకంటే మంచి ఖర్చు ఇంకోటి లేదు. ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గర ఉంచుకోండి.

రోళ్లపాడు అభయారణ్యం చిన్నది, ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. 1988లో దీన్ని ఏర్పాటు చేసింది జింకల కోసం కాదు, బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం. ఆ పిట్ట ఇప్పుడు కనబడడం లేదు, కృష్ణజింకలు మాత్రం మందలుగా పెరిగాయి. లోపలికి వెళ్లడానికి అటవీశాఖ అనుమతి కావాలి. వెళ్లే వారం ముందే రేంజ్ కార్యాలయంలో మాట్లాడి, మీతో వచ్చే వాచర్ (అటవీశాఖ కాపలాదారు) ఎవరో, ఎన్నింటికి గేటు దగ్గర ఉంటాడో ఖాయం చేసుకోండి. నేరుగా గేటు దగ్గరికి వెళ్లి నిలబడితే ఎవరూ ఉండకపోవచ్చు.

గైడు పనివాడో కాదో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఈ వారం మంద ఏ వైపు మేస్తోంది? పొద్దున ఎండ ఏ పక్కనుంచి పడుతుంది, మనం ఎక్కడ నిలబడాలి? నీళ్లు ఎక్కడున్నాయి? తడుముకోకుండా చెప్పాడంటే ఆయన చెప్పినట్టు నడుచుకోండి. "దగ్గరికి తీసుకెళ్తా, పరుగెత్తిస్తా" అనే మనిషి వద్దు. బైర్లూటిలో చెంచులే గైడులుగా దొరుకుతారు. అడవి గురించి వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మాట తక్కువగా ఉంటుంది, అది చూసి ఏమీ తెలియదనుకోకండి. అడిగితేనే చెబుతారు.

3. ఏం తీసుకెళ్లాలి

బైనాక్యులర్స్ రెండు ఉండాలి. ఒకటే తీసుకెళితే జింక తల ఎత్తిన క్షణంలో అది ఎప్పుడూ రెండోవాళ్ల చేతిలోనే ఉంటుంది. 8x42 రకం (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) సరిపోతుంది. 10x50 బరువెక్కువ, జీపులో చేతులు వణికి బొమ్మ నిలవదు. బయల్దేరకముందే ఇంట్లో ఎవరిది వారు కంటికి సరిచేసుకోండి. ముందు కుడివైపు మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పాలి. తర్వాత ఎడమవైపు మూసి, కుడి కంటి దగ్గరున్న రింగుతో సరిచేయాలి. కుడి రింగు సంగతి తెలియక తలనొప్పి తెచ్చుకునేవాళ్లు ఎక్కువ.

బట్టలు ఎండుగడ్డి రంగు, మట్టి రంగు, ఆకుపచ్చ. తెలుపు, ఎరుపు వద్దు. పొద్దున జీపులో చలిగాలి కోస్తుంది, మఫ్లరు, పల్చటి స్వెట్టరు ఉండాలి. కాళ్లకు బూట్లు, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి. రోళ్లపాడు గడ్డిలో పల్లేరుకాయలు, సూదుల్లాంటి గడ్డిగింజలు గుచ్చుకుంటాయి. నల్లమలలో పిడుదులు పట్టుకుంటాయి. సెంటు, ఘాటైన తలనూనె, మల్లెపూలు ఆ రెండు రోజులు మానేయండి. దుప్పులు, కణితులు వాసనతోనూ మనిషిని పసిగడతాయి.

మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రోజూ వేసుకునే మందులు. జొన్నరొట్టె, చెనక్కాయల పొడి, ఓళిగలు పెట్టుకోండి, రెండు రోజులు నిలవుంటాయి, కరకర శబ్దం రాదు. చిప్స్ ప్యాకెట్ చింపిన చప్పుడుకే దుప్పి చెవులు నిక్కబొడుచుకుంటాయి. రోళ్లపాడు మైదానంలో మరుగుదొడ్డి దొరుకుతుందని నమ్ముకోకండి. నందికొట్కూరులోనే ఆ పని ముగించుకుని బయల్దేరడం మంచిది, ముఖ్యంగా ఆడవాళ్లకు. మొహమాటంతో నీళ్లు తాగడం మానేసి, సాయంత్రానికి కళ్లు తిరిగే పరిస్థితి తెచ్చుకోకూడదు.

నల్లమలలో ఫోన్ సిగ్నల్ ఆశించకండి. దారి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎక్కడ ఉంటారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

4. మొదటి రోజు: రోళ్లపాడు

కర్నూలులో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బయల్దేరితే నందికొట్కూరు మీదుగా మూడింటికల్లా చేరొచ్చు. మొదట వాచ్‌టవర్ ఎక్కండి. పావుగంట కదలకుండా కూర్చుని మైదానాన్ని ఎడమ నుంచి కుడికి, దగ్గర నుంచి దూరానికి ముక్కలుగా చూడండి. కొత్తవాళ్లు నల్లటి మగజింక కోసమే వెతుకుతారు. అది పొరపాటు. గడ్డి రంగులో కలిసిపోయే ఆడజింకలు, పిల్లలు మందలో ఎక్కువ. ఒక చెవి కదిలినా, తోక ఆడినా అక్కడ ఆగి చూడండి, ఒకటి కనిపించిందంటే ఆ చుట్టుపక్కల పది కనిపిస్తాయి.

మగదానికి మెలితిరిగిన కొమ్ములుంటాయి, ఆడదానికి సాధారణంగా ఉండవు. వయసు పెరిగేకొద్దీ మగదాని గోధుమరంగు చర్మం ముదిరి నల్లబడుతుంది. బాగా నల్లగా ఉన్నది ఒక్కటే మందకు దూరంగా నిలబడి ఉంటే, అది తన హద్దు కాస్తోందన్నమాట. ఒకేచోట పెంటికలు కుప్పగా పడి ఉండడం ఆ హద్దుకు గుర్తు. దాని మీదుగా నడవకండి. మీ కారణంగా అది హద్దు వదిలి పారిపోతే, ఇంకో మగది వచ్చి చేరుతుంది. రోజులకొద్దీ కాచుకున్న చోటు ఒక్క ఫోటో కోసం దానికి దక్కకుండా పోతుంది.

మందను సమీపించాలంటే వాహనంలోనే, గైడు చెప్పిన బాటలోనే వెళ్లాలి. జింకలు వాహనాన్ని ఓర్చుకుంటాయి గానీ, రెండు కాళ్ల మనిషిని ఓర్చుకోవు. నేరుగా మంద మీదికి పోనివ్వకండి, పక్కనుంచి వెళ్తున్నట్టు ఏటవాలుగా పోనిచ్చి, నూటయాభై మీటర్ల దూరంలో ఆపి ఇంజన్ కట్టేయాలి. అప్పుడు వాటి తలలు చూడండి. అన్నీ తల వంచి మేస్తుంటే మీరు సరైన చోటే ఉన్నారు. రెండు మూడు తలెత్తి మీవైపే చూస్తుంటే కదలకుండా ఉండండి. ఒకటి నిటారుగా గాల్లోకి ఎగిరిందంటే ఆలస్యమైపోయినట్టే. వెంటనే మంద మొత్తం గెంతులు వేస్తూ సాగిపోతుంది. ఆ గెంతులు చూడముచ్చటగా ఉంటాయి, కానీ వాటికోసం తరమకండి. పిల్లలు తల్లుల నుంచి విడిపోతాయి, ఈ మైదానంలో తోడేళ్లున్నాయి.

ఫోటోలు తీసేవాళ్లకు 300 నుంచి 400 ఎం.ఎం. లెన్సు కావాలి. పరుగుకు షటర్ వేగం 1/2000 సెకను. నల్లటి వీపు ఫ్రేమునిండా ఉంటే కెమెరా పొరబడి వెలుగు పెంచుతుంది, తెల్లటి పొట్ట మరీ వెలిగిపోయి వివరం కనబడదు. ఎక్స్‌పోజరు 0.7 తగ్గించండి. పొద్దున తొమ్మిది దాటాక నేలమీది వేడికి గాలి అలలు అలలుగా కదులుతుంది, ఎంత ఖరీదైన లెన్సయినా బొమ్మ మసకే. అందుకే సాయంత్రం, అందులోనూ చివరి గంట.

జింకలు అభయారణ్యం గీత దాటి పక్క చేలల్లోనూ మేస్తాయి. రైతుకు అది పంట నష్టం. చేనుగట్టు మీద కారు ఆపి సంబరపడే ముందు ఆ రైతును పలకరించి, అనుమతి అడగండి.

పొద్దు గుంకగానే బయల్దేరి ఆత్మకూరు మీదుగా బైర్లూటి చేరాలి. అడవి రోడ్డు మీద చెక్‌పోస్టు రాత్రి ఎన్నింటికి మూస్తారో బుక్ చేసినప్పుడే అడిగి పెట్టుకోండి. ఆత్మకూరు దాటాక నలభై కిలోమీటర్ల వేగం మించకండి. రోడ్డు దాటే దుప్పి ఒకటి వెళ్లిందంటే వెనకాలే మరో మూడు వస్తాయి.

5. రెండో రోజు: నల్లమల

జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచేది దాదాపు 6.45కి. ఐదున్నరకు లేచి మొదటి జీపులో వెళ్లండి. రెండో జీపుకు దారి పక్క జంతువులు లోపలికి జరిగిపోయి ఉంటాయి.

అడవిలో కంటికంటే చెవికే పని ఎక్కువ. కొండముచ్చులు చెట్టు మీద ఆకులు, కాయలు రాల్చుకుంటూ తింటాయి, కింద దుప్పులు ఏరుకుంటాయి. కాబట్టి కొండముచ్చులు కనబడితే జీపు ఆపించి కింద చూడండి. పైనుంచి కొండముచ్చు గట్టిగా దగ్గినట్టు అరిచి, దుప్పి కీచుమని కూతపెడితే దగ్గర్లో చిరుతో పులో ఉన్నట్టు. కణితి గట్టిగా ఒక్క కేక వేసిందంటే నమ్మకం ఇంకా ఎక్కువ. అది ఉత్తినే అరవదు. అప్పుడు ఇద్దరిలో ఎవరూ మాట్లాడకూడదు, వేలు చూపకూడదు. ముందే ఒక సైగ అనుకోండి, మోకాలి మీద రెండుసార్లు తడితే "అటు చూడు" అని.

రాలిన కొమ్ము కనిపించొచ్చు. దుప్పి, కణితి ఏటా కొమ్ములు రాల్చి కొత్తవి పెంచుకుంటాయి, కృష్ణజింక అలా చేయదు. అందంగా ఉంది కదా అని బ్యాగులో వేసుకోకండి. రాలిన కొమ్మయినా దగ్గర ఉంచుకోవడం నేరమే, చెక్‌పోస్టులో దొరికితే వివరణ ఎవరూ వినరు.

పెళ్లిరోజు కోసం కొవ్వొత్తులు, బెలూన్లు, పాటల స్పీకరు తెస్తామంటే క్యాంపు వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకున్నా మీరు వద్దనండి. ఫిబ్రవరి నుంచి ఎండుటాకు అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. కేకు బదులు పాయసం చేయించమని ముందురోజు చెప్పండి. ఇంకో మాట, ఈ యాత్రను ఒకరు మరొకరికి చెప్పకుండా దాచి సర్‌ప్రైజ్ చేయడం బెడిసికొడుతుంది. మడమల చెప్పులు, పట్టుచీరతో దిగినవాళ్లకు తెల్లవారుజామున జీపు ఎక్కడమే శిక్ష.

మధ్యాహ్నం తిరుగుదారిలో, వేసవి మొదట్లో అయితే సంగమేశ్వరం చూడొచ్చు. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గినప్పుడే ఆ గుడి బయటపడుతుంది, నీటిమట్టం కనుక్కుని వెళ్లండి.

గైడుకు ఇవ్వదలచింది చేతికే ఇవ్వండి, ఆయన చూపించినవి పేరుపేరునా రిజిస్టరులో రాయండి. ఇంటికొచ్చాక ఫోటోలు పెట్టేటప్పుడు ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి. మంద ఫలానా కుంట దగ్గర, ఫలానా వేళకు వస్తుందని రాయకండి. దొంగ వేటగాళ్లు వెతికేది సరిగ్గా ఆ సమాచారమే.