ఓడ ఎక్కే ముందు ఒక రాత్రి

మన హైదరాబాద్‌కి సముద్రం లేదు, క్రూయిజ్ అన్నా ముందు శంషాబాద్‌లో విమానం ఎక్కాల్సిందే. సింగపూర్ నుంచి ఓడ బుక్ చేసినవాళ్లు అదే రోజు దిగేలా టికెట్ తీయకండి, ఒకరోజు ముందే వెళ్లండి. మా తోడల్లుడికి విమానం 3 గంటలు లేటయితే ఇక్కడ గేటు దగ్గరే చెమటలు పట్టాయి. లెక్క వేసుకోవాల్సింది ఓడ కదిలే టైముకి కాదు, చెకిన్ మూసే టైముకి.

హోటల్ తీసుకునే ముందు టికెట్‌లో టెర్మినల్ పేరు చూడండి. మరీనా బే వేరు, హార్బర్‌ఫ్రంట్ వేరు. హార్బర్‌ఫ్రంట్ అయితే లిటిల్ ఇండియాలో ఉండటం హాయి. మెట్రో మారక్కర్లేదు, పొద్దున్నే ఇడ్లీ కూడా దొరుకుతుంది! మరీనా బేకి మరీనా సౌత్ పియర్ స్టేషన్‌లో దిగాలి. అర్ధరాత్రి చేరేట్టయితే రిసెప్షన్‌లో మనిషి ఉంటాడో లేదో ముందే అడగండి.

ఓడ దిగడమంటే మళ్లీ సింగపూర్‌లోకి రావడమే, కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీనో కాదో చూసుకోండి. చివరి రాత్రి పెట్టెలు కేబిన్ బయట పెట్టమంటారు. బీపీ మాత్రలు, మర్నాటి బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి. మా పిన్ని అన్నీ సర్దేసి, పొద్దున నైటీ మీద శాలువా కప్పుకుని దిగింది.