బిగించిన కట్టును దారిలో వదులు చేయవద్దు

ఈ మధ్య రంపపు యంత్రం దగ్గర కాలు తెగిన ఒక వ్యక్తికి తోటివారు వెంటనే టూర్నికెట్, అంటే రక్తం ఆపడానికి గాయానికి పైన బిగించే కట్టు, వేశారు. కానీ ఆసుపత్రికి వెళ్లే దారిలో కాలు చచ్చుబడిపోతుందేమోనన్న భయంతో దాన్ని మాటిమాటికీ వదులు చేశారు. చేరేసరికి అతని నాడి అందలేదు. యంత్రాలతో పనికి దిగే ముందు ఈ ఒక్క పొరపాటు గురించి తెలుసుకోవాలి, ఎందుకంటే మంచి మనసున్నవారే దీన్ని చేయగా చూశాను.

రక్తం బాగా పోయినప్పుడు శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి కండరాలకు వెళ్లే నాళాలను బిగిస్తుంది. ప్రాణవాయువు అందని కండర కణం ఒక్కో గ్లూకోజు అణువు నుంచి రెండే ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) రాబట్టుకుంటూ, ప్రాణవాయువు లేనప్పుడు మిగిలిపోయే లాక్టేట్‌ను పోగుచేస్తుంది. ఆ చాలీచాలని శక్తితో సోడియంను కణం బయటికి తోసే, పొర మీది సోడియం పంపు మందగిస్తుంది. మామూలుగా మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర ఉండే పొర లోపలికీ బయటికీ మధ్య విద్యుత్ తేడా, రక్తం బాగా పోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలో (వైద్యులు దీన్నే షాక్ అంటారు) మైనస్ 60 దాకా పడిపోవడాన్ని పరిశోధకులు కొలిచారు. అప్పుడు సోడియం, దాని వెంట నీరు లోపలికి చొరబడి కణం ఉబ్బుతుంది, పొటాషియం బయటికి కారుతుంది. అంటే నేల మీద కనిపించే రక్తం కంటే శరీరానికి కలిగిన లోటు ఎక్కువ.

అందుకే కట్టు వదులు చేయకండి. కట్టు కింది కండరం సాధారణంగా రెండు గంటలు తట్టుకుంటుంది. వదిలిన ప్రతిసారీ పోయే రక్తం మాత్రం ఒంట్లోని కండరాలన్నింటికీ ఊపిరి తగ్గిస్తుంది. సగం బిగింపు మరీ ప్రమాదం: సిరలు మూసుకుని ధమని తెరిచి ఉంటే రక్తస్రావం పెరుగుతుంది.

బీపీ బాగుందన్న మాటతో నిశ్చింతగా ఉండవద్దు, 30 శాతం రక్తం పోయేదాకా అది పెద్దగా తగ్గకపోవచ్చు. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన కట్టండి, కీలు మీద వద్దు. తీగ వాడవద్దు. సమయం రాయండి. మనిషిని నడిపించవద్దు. మర్దన చేయవద్దు. నోటికి ఏమీ ఇవ్వవద్దు. దుప్పటి కప్పండి; వణికే కండరం మిగిలిన ప్రాణవాయువును కాజేస్తుంది, చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు. ఇంకా కారుతుంటే మరింత బిగించండి. నొప్పితో అరిచినా వదులు చేయకండి. రెండు గంటలు దాటితే అసలే ముట్టుకోవద్దు: కండరంలో పేరుకున్న పొటాషియం, ఆమ్లం ఒక్కసారిగా గుండెకు చేరి లయ తప్పించగలవు. ఆ కట్టు విప్పడం ఈసీజీ, మందులు దగ్గరున్న వైద్యుల పని.